ఏదో తేడా కొడుతోంది

మన తెలుగులో "తేడా కొడుతోంది" అని ఒక మాటుంది. ఏం తేడా, ఎక్కడ తేడా అని అడిగితే వెంటనే చెప్పలేం. పాలగిన్నె మూత తీసిన అమ్మ అంటుంది. బండి శబ్దం విని మెకానిక్ అంటాడు. తెరమీద గ్రాఫులన్నీ పచ్చగానే ఉన్నా మా టీమ్‌లో పదేళ్ళుగా సర్వర్లు చూసుకుంటున్న పెద్దాయన అంటాడు. ఈ ముగ్గురికీ ఉన్న ఉమ్మడి గుణం ఏంటంటే, మామూలుగా ఎలా ఉండాలో వాళ్ళకి ఒంటబట్టిపోయింది. మామూలు తెలిసినవాడికే తేడా కనబడుతుంది.

ఈ ఒక్క ముక్క మీద ఒక భయపెట్టే ఆట కట్టొచ్చని, దాన్ని ఒక్క మనిషే కూర్చుని కట్టొచ్చని ఈ మధ్య కొన్నేళ్ళలో రుజువైంది. ఈ టపా దాని గురించే. ఆటలంటే పిల్లల గోల అనుకునేవాళ్ళు కూడా కాస్త ఓపిక పట్టండి, విషయం ఆటల దగ్గరే ఆగదు.

ఆట పేరు "ద ఎగ్జిట్ 8". జపాన్‌లో కొటాకే క్రియేట్ అనే పేరుతో పనిచేసే ఒకే ఒక్క డెవలపర్ దీన్ని చేసారు. 2023 నవంబరు 29న స్టీమ్‌లో విడుదలయ్యింది. ఆటంతా ఒకే చోట జరుగుతుంది. భూమి కింద, రైల్వే స్టేషన్లలో ఉంటుందే, తెల్లటి టైల్సు, ట్యూబులైట్ల వెలుగు, అలాంటి ఒక నడవా. ఒక పక్క గోడకి పోస్టర్లు, ఇంకో పక్క తలుపులు, పైన పసుపుపచ్చ బోర్డు. ఎదురుగా చేతిలో సంచీతో ఒక మధ్యవయసు మనిషి నడుచుకుంటూ వచ్చి మనల్ని దాటి వెళ్ళిపోతాడు. మలుపు తిరిగితే మళ్ళీ అదే నడవా, అవే పోస్టర్లు, అదే మనిషి.

నియమాలు గోడమీదే రాసుంటాయి. ఏదైనా తేడా కనబడితే వెంటనే వెనక్కి తిరగాలి. ఏ తేడా లేకపోతే ముందుకే నడవాలి. సరిగ్గా చేస్తే బోర్డు మీద అంకె ఒకటి పెరుగుతుంది. తప్పితే మళ్ళీ సున్నా. ఎనిమిదో నంబరు ద్వారం చేరితే బయటపడ్డట్టు. అంతే! తుపాకీ లేదు, కథ లేదు, ఒక్క డైలాగు లేదు.

తేడాలు ఎలాంటివంటే.. తలుపు పిడి పక్కన ఉండాల్సింది సరిగ్గా తలుపు మధ్యలో ఉంటుంది. పోస్టర్లో ఉన్న కళ్ళు మన వెంట తిరుగుతాయి. నడిచొచ్చే మనిషి ఈసారి కాస్త వేగంగా వస్తాడు. కొన్ని మాత్రం గుండె ఆగేలా ఉంటాయి, నడవా అవతలి నుంచి ఎర్రటి నీళ్ళు ముంచుకురావడం లాంటివి. కానీ నిజంగా భయపెట్టేవి ఆ పెద్దవి కావు. పెద్దది కనబడితే వెనక్కి తిరిగి పరిగెడతాం, పని అయిపోతుంది. అసలు భయం ఏ తేడా కనబడని నడవాలో ఉంది. "నిజంగానే ఏమీ లేదా, నాకే కనబడట్లేదా?" అని నిలబడిపోతాం చూడండి, అదీ. దెయ్యం మీద భయం కాదది, మన కంటి మీద మనకి నమ్మకం పోవడం.

ఇలాంటి ఆట ఇదే మొదటిది కాదు. 2018లో నోటోవియా వాళ్ళ "అయామ్ ఆన్ అబ్జర్వేషన్ డ్యూటీ" వచ్చింది. అందులో మనం అర్ధరాత్రి నుంచి పొద్దున ఆరింటి దాకా సీసీ కెమెరాల ముందు కూర్చుని, గదుల్లో ఏం మారిందో పట్టుకుని రిపోర్టు చెయ్యాలి. ఇంకా వెనక్కి వెళ్తే మన వారపత్రికల్లో, పిల్లల పత్రికల్లో పక్కపక్కన రెండు బొమ్మలు వేసి "ఈ రెండు బొమ్మల్లో ఆరు తేడాలున్నాయి, కనుక్కోండి" అనేవాళ్ళు కదా, అదే ఇది. ఒకటే మార్పు. రెండో బొమ్మ పక్కన ఉండదు, మన బుర్రలో ఉండాలి. పైగా తేడా ఉందో లేదో కూడా ముందే చెప్పరు.

ఇక్కడ నాకు నచ్చిన ఇంజనీరింగు సంగతి ఒకటి చెప్పాలి.

మామూలుగా ఆటల్లో బగ్ వస్తే నవ్వుకుంటాం. గుర్రం చెట్టెక్కిందనో, మనిషి గోడలోకి దూరాడనో వీడియో తీసి పెడతాం. ఈ ఆటలో అలా కుదరదు. ఒక నీడ ఒక్క క్షణం వణికితే ఆడేవాడు దాన్ని తేడా అనుకుంటాడు, వెనక్కి తిరుగుతాడు, సున్నాకి పడిపోతాడు. వాడి తప్పేం లేదు. గోడమీద రాసిన నియమం ప్రకారమే నడిచాడు. అంటే ఇక్కడ బగ్ అనేది లోపం కాదు, అబద్ధం. ఆడేవాడితో చేసుకున్న ఒప్పందాన్ని ఆట తప్పినట్టు.

ఈ ఆట అన్‌రియల్ ఇంజన్ 5తో చేసింది. త్రీడీ పని చేసినవాళ్ళకి తెలుస్తుంది, ఇలాంటి ఇంజన్లలో వెలుగుని అప్పటికప్పుడు లెక్కకట్టేటప్పుడు మూలల్లో కాస్త మిణుకుమిణుకు వస్తుంది. దూరంగా ఉన్న వస్తువుని తక్కువ వివరంతో గీసి, దగ్గరికి వెళ్ళగానే పూర్తి వివరంతో మారుస్తారు, ఆ మారడం కంటికి తగులుతుంది. కదిలే మనిషి వెనక సన్నటి చార కనబడుతుంది. పెద్ద ఆటల్లో ఇవన్నీ చెల్లిపోతాయి. ఇక్కడ ఒక్కటి కూడా చెల్లదు. అంచేత "మామూలు నడవా" అనేది ఈ ఆటలో అన్నిటికంటే కష్టమైన వస్తువు. ముప్ఫై వింతలు చెయ్యడం ఒక ఎత్తు, ఏ వింతా లేని నడవాని ప్రతిసారీ అణువు తేడా లేకుండా చూపించడం ఒక్కటే ఒక ఎత్తు.

ఒక్క మనిషి ఇంత కచ్చితంగా చెయ్యగలిగేది చోటు చిన్నదైతేనే. ఒక ఊరంతా కట్టి, ఊరంతా ఒక్క నీడ కూడా వణక్కుండా చూడాలంటే వందమంది చాలరు. ఒక నడవానైతే ఒక్కడు వెయ్యిసార్లు నడిచి చూసుకోగలడు. మిగతా ఆటల్లో "మళ్ళీ అదే చోటుకి తిప్పుతున్నాడు" అంటే తిట్టు. ఇక్కడ మళ్ళీ అదే చోటుకి తిప్పడమే ఆట. చేతిలో డబ్బు లేకపోవడం, మనుషులు లేకపోవడం అనే బలహీనతని దాచిపెట్టకుండా దాన్నే విషయంగా మార్చుకున్నారు. నాకు ఇది ఏ పెద్ద స్టూడియో గ్రాఫిక్సుకన్నా గొప్పగా కనిపిస్తుంది.

ఇంకోటి, లెక్క. ఎనిమిది సార్లు వరుసగా సరిగ్గా చెప్పాలనే నియమం చూడ్డానికి చిన్నదే గానీ, దాని వెనక మనం ఇంజనీరింగు రెండో ఏడాదిలో చదివి మర్చిపోయిన ప్రాబబిలిటీ ఉంది. ప్రతి నడవాలోనూ మీరు సరిగ్గా చెప్పే అవకాశం 90 శాతం అనుకోండి. మంచి మార్కులే. కానీ ఎనిమిదీ వరుసగా సరిగ్గా రావడానికి అవకాశం 43 శాతమే. బయటపడేలోగా సగటున 13 నడవాలు నడవాలి. 80 శాతం అయితే దాదాపు 25 నడవాలు. 70 శాతం అయితే 54 దాటుతుంది. కళ్ళు మూసుకుని బొమ్మా బొరుసూ వేస్తే 510!

అంటే చూసే అలవాటు కొంచెం మెరుగుపడగానే ఆట చాలా తేలికైపోతుంది. 70 నుంచి 90కి వచ్చినవాడికి ప్రయాణం నాలుగో వంతుకి తగ్గిపోతుంది. ఎవరూ పాఠం చెప్పకుండానే "నేను బాగుపడుతున్నాను" అని ఆడేవాడికి తెలిసిపోతుంది. పైగా లేని తేడా ఉందనుకుని వెనక్కి తిరిగినా శిక్ష అదే, ఉన్న తేడా వదిలేసి ముందుకెళ్ళినా శిక్ష అదే. అంచేత "ఎందుకైనా మంచిది, వెనక్కి తిరుగుదాం" అనే మన ఆఫీసు తెలివి ఇక్కడ పనిచెయ్యదు :)

మన కళ్ళు ఎంత నమ్మరానివో చదువుకున్నవాళ్ళు ఎప్పుడో తేల్చారు. రెండో ప్రపంచయుద్ధం కాలంలో బ్రిటన్‌లో రాడార్ తెరల ముందు కూర్చునే సైనికులు గంటలకొద్దీ చూసి చూసి చుక్కల్ని వదిలేస్తున్నారని నార్మన్ మాక్‌వర్త్ పరీక్షలు పెట్టాడు, 1948లో ప్రచురించాడు. తేలిందేంటంటే, మొదటి అరగంటలోనే చూపు మొద్దుబారడం మొదలవుతుంది. 1998లో డేనియల్ సైమన్స్, డేనియల్ లెవిన్ ఇంకో తమాషా చేసారు. ఒకాయన దారినపోయేవాళ్ళని ఆపి దారి అడుగుతుంటాడు. మధ్యలో ఇద్దరు ఒక తలుపు మోసుకుంటూ వీళ్ళ మధ్యలోంచి వెళ్తారు. ఆ చాటున దారి అడిగే మనిషే మారిపోతాడు. సుమారు సగం మంది ఏమీ పట్టించుకోకుండా కొత్త మనిషికి దారి చెప్పడం కొనసాగించారు!

నాకు అన్నిటికన్నా పనికొచ్చింది జెరెమీ వుల్ఫ్ బృందం 2005లో నేచర్ పత్రికలో వేసిన పేపరు. ఎయిర్‌పోర్టులో సంచీల ఎక్స్‌రే బొమ్మల్లాంటివి చూపించి, అందులో పనిముట్టు ఏదైనా ఉందేమో వెతకమన్నారు. సగం బొమ్మల్లో అది ఉన్నప్పుడు జనం 7 శాతం వదిలేసారు. నూటికి ఒక్క బొమ్మలోనే ఉన్నప్పుడు 30 శాతం వదిలేసారు. అరుదుగా వచ్చేదాన్ని కన్ను వెతకడం మానేస్తుంది. ఇలాంటి ఆట చేసేవాడు తేల్చుకోవాల్సిన అసలు ప్రశ్న ఇదే. ఎన్ని నడవాలకి ఒక తేడా పెట్టాలి? మరీ అరుదైతే ఆడేవాడు నిద్రపోతాడు. మరీ తరచుగా పెడితే ప్రతిదానికీ ఉలిక్కిపడి చివరికి విసుక్కుంటాడు. దీనికి గ్రాఫిక్సు కార్డు అక్కర్లేదు. పదిమందిని కూర్చోబెట్టి ఆడించి, వెనక నిలబడి, నోరు మూసుకుని చూడాలి. ఈ రోజుల్లో కోడ్ రాసిపెట్టే ఏఐలు చాలా వచ్చాయి, నేనూ రోజూ వాడుతున్నాను. కానీ ఈ వెనక నిలబడి చూసే పని మాత్రం చేసేవాడే చేసుకోవాలి.

ఇప్పుడు ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే..

మా కాలేజీ జూనియర్ ఒకడున్నాడు. మంచి కోడర్. మూడేళ్ళుగా ఉద్యోగం చేస్తున్నాడు, తొమ్మిది లక్షల దాకా దాచుకున్నాడు. పోయిన నెల ఫోన్ చేసి "అన్నా, రిజైన్ చేస్తున్నా. హారర్ గేమ్ చేస్తా. రెండేళ్ళు పడుతుంది" అన్నాడు. ఏం ఆట అని అడిగితే గడగడా చెప్పేసాడు. పాడుబడిన ఊరు, పగలూ రాత్రీ, వర్షం, అరవైమంది మనుషులు, అందరికీ తెలుగు డైలాగులు, మూడు రకాల ముగింపులు. "ఇంట్లో చెప్పావురా?" అంటే కాసేపు మాట లేదు. "ఇంకా లేదన్నా. నాన్నకి అర్థం కాదు".

ఉన్నదున్నట్టు చెప్తే, నాకు వాడి ఆశతో గొడవ లేదు. వాడి నాన్నగారికి అర్థం కాదనే మాటతో ఉంది. ఆయన అడగబోయే మొదటి ప్రశ్న "ఎప్పటికి అయిపోతుంది?" అనే. దానికి వీడి దగ్గర జవాబు లేదు. ఆయనకి అర్థం కాకపోవడం కాదు, వీడికే ఇంకా అర్థం కాలేదు.

నేను వాడికి చెప్పింది ఇది. ఉద్యోగం వదలకు. అరవైమందిని వదిలెయ్. ఊరు వదిలెయ్. ఒక గది పట్టుకో. శని ఆదివారాలు, ఆరు నెలలు. అది పూర్తయి, డబ్బులిచ్చి కొనుక్కున్న ఒక్క అపరిచితుడు దాన్ని ఆడాక, అప్పుడు రిజైన్ గురించి మాట్లాడుకుందాం.

"చిన్నది చేస్తే ఎవడు చూస్తాడన్నా? అదెవడైనా చేస్తాడు" అన్నాడు.

ఈ మాటకి జవాబు వాడొక్కడికే కాకుండా అందరికీ చెప్పాలనే ఇది రాస్తున్నాను. ఎందుకంటే మన సాఫ్ట్‌వేర్ వాళ్ళలో నూటికి ఎనభైమంది లాప్‌టాపుల్లో ఒక సగం కట్టిన ఊరు ఉంటుంది. ఆట కాకపోతే యాప్, యాప్ కాకపోతే స్టార్టప్పు. మనకి ఆలోచనలకి కరువు లేదు, ఇంగ్లీషు రాదనే బెంగ కూడా ఇప్పుడు లేదు. లేనిదల్లా కోసి పారేసే అలవాటు. మనకి చదువులోనూ, ఉద్యోగంలోనూ "ఇంకా ఏం కలపొచ్చు" అనే నేర్పారు. "ఏం తీసెయ్యొచ్చు" అని ఎవరూ అడగలేదు. "అదెవడైనా చేస్తాడు" అనేవాడు గమనించనిది ఏంటంటే, ఎవడైనా చెయ్యగలిగేదాన్ని చాలామంది పూర్తి చెయ్యలేదు.

సరే, నా మాటకి వచ్చే అభ్యంతరాలు కూడా చూద్దాం.

మొదటిది అదృష్టం. ఒక్క కొటాకే క్రియేట్ గెలిస్తే మిగతావాళ్ళ సంగతేంటి అంటారు. న్యాయమైన ప్రశ్న. ఈ ఆట పది లక్షల కాపీలు దాటింది కాబట్టి మీరూ చెయ్యండి అని నేను అనట్లేదు. అలా అంటే లాటరీ తగిలినవాడి ఫొటో చూపించి టికెట్ అమ్మినట్టుంటుంది. నేను చెప్పేది ఓడిపోయినప్పటి లెక్క. ఎరిక్ బరోన్ "స్టార్‌డ్యూ వ్యాలీ"ని ఒక్కడే నాలుగేళ్ళకు పైగా కూర్చుని చేసి 2016లో విడుదల చేసాడు. బ్రహ్మాండంగా ఆడింది. కానీ అది ఆడకపోయి ఉంటే పోయేది నాలుగేళ్ళ జీవితం. ఒక నడవా ఆట ఆడకపోతే పోయేది కొన్ని శని ఆదివారాలు. గెలుపు ఎవరి చేతిలోనూ లేనప్పుడు, ఓటమి ఎంత ఖరీదుండాలో మాత్రం మన చేతిలోనే ఉంటుంది కదా.

రెండోది డబ్బు. స్టీమ్‌లో ఒక ఆట పెట్టడానికి 100 డాలర్లు కట్టాలి. అమ్మకాలు 1000 డాలర్లు దాటితే అది తిరిగిస్తారు. అమ్మకంలో 30 శాతం వాళ్ళది. ఎగ్జిట్ 8 అమెరికా ధర 3.99 డాలర్లు. ఆ ధర లెక్కలో పన్నులు పక్కన పెడితే కాపీకి 2.79 మిగులుతుంది. అంటే కట్టిన వంద తిరిగి రావడానికి 36 కాపీలు అమ్ముడుపోవాలి. ఇండియాలో ధర ఇంకా తక్కువ పెట్టాలి కాబట్టి ఇక్కడ లెక్క ఇంకా పెరుగుతుంది. అన్‌రియల్ వాడికైతే మొదటి పది లక్షల డాలర్ల దాకా ఏమీ ఇవ్వక్కర్లేదు, ఆ పైన 5 శాతం. అంత దాకా వస్తే సంతోషంగా కట్టొచ్చు :)

ఇందులో చిన్న ఆటలకి నిజమైన దెబ్బ ఒకటుంది. స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలకన్నా తక్కువ ఆడితే డబ్బు వెనక్కి ఇచ్చేస్తారు. కొనేవాళ్ళకి ఇది మంచి నియమమే, నేనూ సమర్థిస్తాను. కానీ గంటలో అయిపోయే ఆటని పూర్తిగా ఆడి, ఆనందించి, డబ్బు వెనక్కి తీసుకోవచ్చు. హోటల్లో దోశ మొత్తం తినేసి, ప్లేటు ఖాళీ చేసి, బాగాలేదని బిల్లు కట్టకపోవడం లాంటిదే. దీనికి చట్టంతో పని లేదు, మనం చెయ్యగలిగిందొకటే. ఒక్క మనిషి చేసిన చిన్న ఆట నచ్చితే డబ్బు వెనక్కి అడక్కండి. నాలుగు ముక్కలు అభిప్రాయం రాయండి. సినిమా టికెట్ మీద, ఇంటర్వెల్ సమోసా మీద పెట్టేదానికన్నా అది తక్కువే.

మూడోది నకళ్ళు. ఎగ్జిట్ 8 ఆడగానే అలాంటివి బోలెడు వచ్చాయి. బడి, ఆసుపత్రి, ఎలివేటర్, అపార్ట్‌మెంటు, ఏది దొరికితే అది. జపాన్‌లో వీటికి "హచిబన్ లైక్" అని ఒక పేరే పుట్టింది. ఇది దొంగతనమా? చట్టం ప్రకారం కాదు. ఆలోచనకి కాపీరైటు లేదు, దాన్ని చెప్పిన తీరుకే ఉంటుందని మన సుప్రీంకోర్టు 1978లోనే ఆర్.జి.ఆనంద్ కేసులో చెప్పేసింది. (మన సినిమావాళ్ళు ఈ తీర్పుకి ఎంత రుణపడి ఉన్నారో వేరే చెప్పక్కర్లేదు.) "నియమం ఒకటే, చోటు వేరు" అంటే నాకు అభ్యంతరం లేదు. పద్యానికి ఛందస్సు లాంటిదది, ఎవరైనా రాసుకోవచ్చు. కానీ అదే తెల్ల టైల్సు, అదే సంచీ మనిషి, అవే తేడాలు పెట్టి పేరు మార్చి అమ్మడం మాత్రం సిగ్గుమాలిన పని. రెంటికీ మధ్య గీత సన్నదేం కాదు, చూడగానే తెలుస్తుంది.

అసలు నకళ్ళలో చాలావరకు ఎందుకు తేలిపోయాయంటే, వాళ్ళు నియమాన్ని ఎత్తుకున్నారు గానీ చోటుని పట్టించుకోలేదు. జపాన్ పట్టణాల్లో ఆ నడవాలు నిజంగానే ఉంటాయి. పెద్ద స్టేషన్లలో నంబర్లేసిన ద్వారాలు పదులకొద్దీ ఉంటాయి, జనం రోజూ ఆ బోర్డులు చూస్తూ, ఎదుటి మనిషి మొహం చూడకుండా నడుస్తారు. నేలమీద చూపులేనివాళ్ళ కోసం వేసే పసుపు గీతల టైల్స్ కూడా ఆటలో ఉన్నాయి. అవి మొదట వేసింది జపాన్‌లోనే, 1967లో ఒకయామాలో. మియాకే సెయిచి అనే ఆయన కనిపెట్టాడు. ఇప్పుడు మన హైదరాబాద్ మెట్రోలోనూ అవే టైల్స్. అక్కడి మనిషికి ఆ నడవా ఎలా ఉండాలో ఆట మొదలుపెట్టకముందే తెలుసు. డెవలపర్ చెయ్యాల్సిన పనిలో సగం ఆ ఊరు ముందే చేసిపెట్టింది.

మరి మనకి అలాంటి చోటేది? ఇదే ప్రశ్న నేను మావాడిని అడిగాను. బస్టాండు పెడదామన్నాడు. మన బస్టాండులో మామూలు ఏంటో ఎవరికి తెలుసు? అక్కడ ఫ్యాను తిరుగుతుంటేనే తేడా!

నన్నడిగితే మన మధ్యతరగతి ఇంటి ముందు గది. చెప్పకపోయినా మీ కళ్ళముందు కనబడుతుంది కదా. గుమ్మం బయట చెప్పుల జతలు, ముగ్గు. లోపల గోడకి కిరాణాకొట్టువాడిచ్చిన క్యాలెండరు, వెంకటేశ్వరస్వామి పటం, షోకేసులో ఎవరూ ఆడని బొమ్మలు, గుడ్డ కప్పిన టీవీ, ఫ్రిజ్జు పక్కన స్టెబిలైజరు. గోడమీద తాతగారి ఫొటో, దానికి దండ. ఇది శ్రీకాకుళంలో అయినా ఆదిలాబాద్‌లో అయినా ఇంచుమించు ఒకటే.

ఇప్పుడు తేడాలు పెట్టండి. క్యాలెండర్లో 31 తర్వాత 32 ఉంది. చెప్పుల్లో ఒక జత ఎక్కువ ఉంది. ముగ్గులో ఒక చుక్క ఎటూ కలవకుండా మిగిలిపోయింది. షోకేసులో బొమ్మ అటు తిరిగి ఉంది. ఇంకోసారి వస్తే తాతగారి ఫొటో అలాగే ఉంది, కానీ దండ లేదు. ఆ తర్వాతిసారి దండ నాన్న ఫొటోకి ఉంది. ఆ తర్వాత ఒకసారి, ఎప్పుడూ లేని మూడో ఫొటో ఒకటి, దండతో. అది ఎవరిదో దగ్గరికెళ్ళి చూడాలా, వెంటనే వెనక్కి తిరగాలా?

ఈ ఒక్క తేడాకి ఒక తెలుగువాడికి ఏమవుతుందో బయటివాడికి అవ్వదు. ఫొటోకి దండ అంటే ఏంటో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. అరవైమంది మనుషులూ, మూడు ముగింపులూ పెట్టి సాధించాలనుకున్న భయం ఒక బంతిపూల దండతో వచ్చేస్తుంది. ఇది చెప్పినప్పుడు ఫోన్లో వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఆ గదికి కిటికీ ఉండాలా అన్నా?" అని అడిగాడు. వద్దన్నాను. కిటికీ పెడితే బయట ఏముందో కూడా చెయ్యాలి.

వాడు రిజైన్ చేస్తాడో లేదో వాడిష్టం. జీవితం వాడిది, డబ్బూ వాడిదే. నా అభిప్రాయం మాత్రం మారదు. ఒంటరిగా ఏదన్నా చెయ్యాలనుకునేవాడు ముందు తన కాలం ఎంతో కొలుచుకుని, దాంట్లో పట్టే గది ఎంచుకుని, ఆ గదిని మచ్చలేకుండా పూర్తి చెయ్యాలి. పూర్తి చేసినవాడికి రెండో గది కట్టడం వస్తుంది. కొటాకే క్రియేట్ కూడా 2024 మే నెలలో "ప్లాట్‌ఫామ్ 8" అని రెండో ఆట తెచ్చారు. అదీ చిన్నదే, ఒక రైలుబండి అంతే. ఊళ్ళు కట్టడం ఆ తర్వాతి సంగతి.

మీ లాప్‌టాపులో కూడా సగం కట్టిన ఊరు ఏదన్నా ఉంటే, ఈ ఆదివారం దాన్ని తెరిచి, అందులో మీకు బాగా తెలిసిన గది ఒక్కటి ఉంచి మిగతావి వేరే ఫోల్డర్లోకి నెట్టేసి చూడండి. తీసెయ్యమనట్లేదు, పక్కన పెట్టమంటున్నాను అంతే.

తా.క.: ఈ ఆటని సినిమాగా కూడా తీసారు. దర్శకుడు కవమురా గెంకి, హీరో నినోమియా కజునారి. 2025 మే నెలలో కాన్స్ ఉత్సవంలో అర్ధరాత్రి ప్రదర్శనల్లో వేసారు, ఆగస్టు 29న జపాన్‌లో విడుదలయ్యింది. ఒక నడవా, ఎదురొచ్చే ఒక మనిషి, అక్కడిదాకా వెళ్ళాయి. చూసేవాళ్ళు ముందు ఆట ఆడి చూడండి. తర్వాత మీ ఆఫీసు కారిడార్లో నడుస్తూ తలుపు పిడి ఎక్కడుందో చూసుకుంటే నన్ను తిట్టొద్దు :)